జంటలు ఏర్పడుతున్నారు

మా ఆయన మీద నాకు ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గానీ పైకి చెప్పుకోను. చెప్పుకుంటే వినేవాళ్ళు ఆయన పక్షాన చేరిపోయే ప్రమాదం ఉంది. ఆయన తాగరు, అరవరు, కూరలో ఉప్పెక్కువైతే పెరుగు కలుపుకుని తినేస్తారు. ఆయనతో ఉన్న చిక్కల్లా ఒక్కటే. ఆయన తప్పు చెయ్యరు. చెయ్యరంటే, చేసినా అది తప్పు కాదు.

ఒకసారి పెళ్ళికని బయల్దేరి, సామర్లకోటలో కాకినాడ బండి అనుకుని విశాఖపట్నం బండి ఎక్కించారు నన్ను. అన్నవరం కొండ కనబడ్డాక నేను కిటికీలోంచి వేలు పెట్టి చూపించాను. "ఎన్నాళ్ళనుంచో స్వామి దర్శనం అనుకుంటున్నాంగా" అన్నారు. దిగాం. దర్శనమైంది, ప్రసాదం తిన్నాం. కాకినాడలో పెళ్ళికూతురు మా కోసం ఆగలేదు. ఇప్పటికీ ఆ పెళ్ళి మాట వస్తే, వాళ్ళే ముహూర్తం తొందరపడి పెట్టుకున్నారంటారు.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే నష్టం నా ఒక్కదానికే. కానీ విశ్వవిద్యాలయం వారు ఈయన్ని రిజిస్ట్రారుగా పెట్టుకున్నారు.

రిజిస్ట్రారు అనకూడదు. ఆయన తెలుగు ఎమ్మే. గది ముందు "దక్షిణామూర్తి, కులసచివులు" అని బోర్డు రాయించుకున్నారు. అది కట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, కులం సర్టిఫికెట్టు ఇక్కడే ఇస్తారా అని అడిగాడు. మా ఆయన బోర్డు మార్చలేదు. కులం అంటే విద్యాపీఠం అనే అర్థం కూడా ఉందని ఆయనకి వివరించి, మంచినీళ్ళిచ్చి పంపారు.

మర్యాద అంతా క్రియాపదం చివర ఉంటుందని ఈయన నమ్మకం. మా పనమ్మాయి ఫోన్లో "అమ్మగారు పడుకుందండి" అంటే, "పడుకుంది కాదు, పడుకున్నారు" అని దిద్దుతారు. నేను పక్కనే నిలబడి అట్లు పోస్తున్నా సరే. పడుకున్నానా లేదా అన్నది ఆయనకి అనవసరం.

ఆ ఏడాది మా విశ్వవిద్యాలయానికి తెలుగు పూనింది. ఉపకులపతి గారు చేపల పెంపకంలో ఆచార్యులు. ఆయన ఒక సభలో తెలుగు గొప్పతనం గురించి మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆ రుచి మరిగి, ఇక మీదట అన్ని శాఖల వార్షిక నివేదికలూ అచ్చ తెలుగులోనే ఉండాలని ఉత్తర్వు తీశారు. దిద్దే బాధ్యత మా ఆయనది. ఎర్ర పెన్నులు డబ్బాడు కొని తెచ్చుకున్నారు. మా పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత కళ చూడలేదు నేను.

ఒక మధ్యాహ్నం భోజనానికి వచ్చి, విస్తట్లో చారు పడకముందే కాగితం తీశారు.

"విను. భౌతికశాస్త్ర శాఖలో కెజియా అని ఒక పరిశోధక విద్యార్థిని రాసింది. 'చీకటి గదిలో మాలిబ్డినం డైసల్ఫైడు పొర మీద లేజరు కాంతి తగలగానే ఎలక్ట్రానూ రంధ్రమూ కలిసి ఎక్సిటాన్ జంటలు ఏర్పడుతున్నాయి. అవి రెప్పపాటులో వందకోట్లవ వంతు కూడా గడవకముందే కలిసిపోయి అంతమవుతున్నాయి. వాటి ప్రవర్తనను నిశితంగా గమనిస్తున్నాము.' ఎలా ఉంది?"

"బాగానే ఉందే."

"నీకు బాగానే ఉంటుంది. పరభాషా పదాలు ఎన్నున్నాయో చూశావా? అన్నీ తీసేశాను. 'రంధ్రం' సభ్యతగా లేదు, తీసేశాను. కలిసిపోయి అంతమవడమేమిటి, అశుభం! విడిపోతే అంతం గానీ కలిసిపోతే అంతమెలా అవుతుంది? అదీ దిద్దాను. ఇప్పుడు విను. 'చీకటి గదిలో కాంతి తగలగానే జంటలు ఏర్పడుతున్నారు. వారు రెప్పపాటు కూడా గడవకముందే విడిపోతున్నారు. వారి ప్రవర్తనను నిశితంగా గమనిస్తున్నాము.'"

నేను చారు గరిటె పట్టుకుని కాసేపు నిలబడ్డాను. నేను బీఎస్సీలో ఫిజిక్సు చదివాను. చదివినదంతా పప్పులో పోపుతో పాటు వేగిపోయినా, ఎలక్ట్రాను మనిషి కాదన్న సంగతి మాత్రం మిగిలింది.

"ఏవండీ, ఈ జంటలు మనుషులేనంటారా?"

"జంట అంటే ఎవరు? దంపతులు. దంపతుల్ని పట్టుకుని 'ఏర్పడుతున్నాయి' అంటామా? ఆవులా, గేదెలా?"

"చెప్పుల జంట…"

"చెప్పులు జత. జంట కాదు."

అది నిజమే. నాకు 'చిలకల జంట' అని తట్టేసరికి ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయారు. మా ఇంట్లో వాదనలన్నీ చెయ్యి కడుక్కోవడంతోనే ముగుస్తాయి.

నివేదిక అచ్చయింది. దాన్ని ఎవరూ చదవరన్న ధైర్యంతోనే అందరూ రాస్తారు. అయితే గృహవిజ్ఞాన ఆచార్యులు, క్రమశిక్షణ సంఘం అధ్యక్షురాలు అయిన మాణిక్యాంబ గారు చదివేశారు. ఆవిడకి 'చీకటి' అన్న మాట ఎంత దూరాన్నున్నా కనబడుతుంది.

అత్యవసర సమావేశం మా క్వార్టర్సులోనే పెట్టారు. విషయం సున్నితమైనదని ఒక కారణం. మా ఇంట్లో ఆ పూట పెసరట్లని ఇంకో కారణం. ఉపకులపతి గారు సోఫాలో, మాణిక్యాంబ గారు కుర్చీలో, మా ఆయన నివేదికతో సహా ఇంకో కుర్చీలో కూర్చున్నారు. కెజియాని పిలిపించారు. రాజోలు వైపు పిల్ల, సన్నగా, కళ్ళజోడుతో, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏమ్మా, ఆ చీకటి గదిలో ఎంతమంది జంటలు ఏర్పడుతున్నారు?" అని మొదలుపెట్టారు మాణిక్యాంబ గారు.

"లెక్కపెట్టలేమండి. లేజరు ఒక్కసారి తగిలితే వేలల్లో అండి."

మాణిక్యాంబ గారి చేతిలో పెసరట్టు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "వేలల్లోనా! మన హాస్టళ్ళన్నీ కలిపినా అంతమంది లేరే!"

"అంటే బయటివాళ్ళు కూడా వస్తున్నారన్నమాట" అన్నారు ఉపకులపతి గారు. "గట్టు తెగిన చెరువులోకి పరాయి చేపలు రావడం సహజం."

"అయ్యో, అవి మనుషులు కాదండి!"

"తప్పమ్మా. సాటి విద్యార్థుల్ని పట్టుకుని మనుషులు కాదంటావా?" అన్నారాయన.

"ఎక్సిటాన్లండి. ఎలక్ట్రాను ఒకటుంటదండి, రంధ్రం ఒకటుంటదండి…"

మా ఆయన గట్టిగా దగ్గారు. మాణిక్యాంబ గారు పైట సర్దుకున్నారు.

"ఇదంతా జరుగుతుంటే నువ్వేం చేస్తుంటావు?"

"చూస్తుంటానండి. చూడ్డమే నా పరిశోధన."

ఉపకులపతి గారు మా ఆయన వైపు తిరిగారు. "కులసచివులు గారూ, ఈ అమ్మాయి వస్తువులంటోంది, మీ నివేదిక మనుషులంటోంది. దిద్దింది మీరు. మీరే తేల్చాలి."

అప్పుడు ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు. మా ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "నివేదికలో క్రియ చివర 'నారు' అని ఉందండి. ముద్రణ కూడా అయింది. ముద్రితమైనది ప్రమాణం."

ఉపకులపతి గారు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. మనుషులైతే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. కమిటీ వెయ్యాలి.

నేను అల్లం పచ్చడి వడ్డిస్తూ, ఊరుకోలేక, "ఏర్పడ్డం ఎంతసేపండీ, నిలబెట్టేవాళ్ళు లేక గానీ. రెప్పపాటులో విడిపోతున్నారంటే పాపం నచ్చజెప్పే పెద్దదిక్కు లేకేగా" అన్నాను. నేనన్నది వేళాకోళానికి. అధికారుల సమావేశంలో వేళాకోళం అన్నది ఉండదు, అన్నీ సూచనలే. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మర్నాటికి ఉత్తర్వు వచ్చింది. 'చీకటి గదియందు ఏర్పడు జంటల స్థిరీకరణ కేంద్రము'. గౌరవ కుటుంబ సలహాదారు, శ్రీమతి త్రివేణి, అంటే నేను. అర్హత అన్న చోట 'సుదీర్ఘ వైవాహిక అనుభవము' అని రాసి, ఎవరో పెన్నుతో 'కులసచివులతో' అని కలిపారు. అందులోనే ఇంకో వాక్యం ఉంది. సదరు గదిలో ఇకపై అన్నివేళలా దీపాలు వెలుగుతూ, తలుపులు బార్లా తెరిచి ఉండవలెను. సలహాదారు ఏకాంతమున హితవు చెప్పు సమయము మాత్రము మినహాయింపు.

నేను బాధ్యత స్వీకరించడానికి వెళ్ళేసరికి కెజియా ట్యూబులైట్ల కింద తల పట్టుకుని కూర్చుని ఉంది.

"ఇంత వెలుగులో నాకేం కనబడదు మేడమ్ గారూ. నా పని చీకట్లోనే అవ్వాలండి."

"నేను హితవు చెప్పేటప్పుడు తలుపేసుకోవచ్చుగా?"

"ఆయ్."

"లైట్లు ఆర్పుకోవచ్చుగా?"

"ఆయ్."

"అయితే తలుపెయ్యి. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెబుతాను. నా దగ్గర హితవుకి కొరతేమీ లేదు."

అలా నేను రోజూ చిక్కుడుకాయల సంచీతో ఆ గదికి వెళ్ళడం, ఒక మూల స్టూలు మీద కూర్చుని ఈనెలు తియ్యడం అలవాటైంది. చిక్కుడుకాయ ఈనె తియ్యడానికి వెలుతురు అక్కర్లేదు. కెజియా తన అద్దాల మధ్య తను పనిచేసుకునేది. చేసుకుంటూ నాకు పాఠం చెప్పేది.

ఆ పిల్ల చూసేది ఒక నల్లటి రాయిలాంటి పదార్థం. దానికి గమ్ టేపు అంటించి లాగుతుందట. టేపుకి అంటినదాని మీద మళ్ళీ టేపు వేసి మళ్ళీ లాగుతుంది. అలా పొరలు ఊడి ఊడి చివరికి ఒకే ఒక్క పొర మిగులుతుంది.

"పూతరేకంత పల్చగానా?"

"దీని ముందు పూతరేకు దిబ్బరొట్టె అండి."

అలాంటివి రెండు వేరువేరు పొరలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడానికి ఆ పిల్లకి ఏడాది పైనే పట్టింది. అది ఒక స్టీలు డబ్బాలో ఉంది. డబ్బాలోంచి గాలి లాగేస్తూ పక్కన ఒక మోటారు రాత్రింబవళ్ళు ఆడుతూ ఉంటుంది.

"మోటారు ఆగితేనో?"

"గాలి తగిలిన అప్పడంలా అయిపోద్దండి. మళ్ళీ చేద్దామంటే నాకు ఇంకో ఏడాది లేదండి, గడువు దగ్గరకొచ్చేసింది. ఇంటికెళ్ళిపోవడమే. మా అమ్మ ఊరందరికీ డాక్టరు కెజియా అని ఇప్పట్నుంచే చెప్పేసుకుంటంది."

ఇక జంటల సంగతి. లేజరు తగిలితే ఎలక్ట్రాను ఉన్నచోటు నుంచి లేచిపోతుందట. అది లేచిపోయిన చోట ఖాళీ మిగులుతుంది, మా ఆయన కొట్టేసిన రంధ్రం అదే. ఆ ఖాళీ ఊరికే ఉండదు, ప్రాణమున్నదానిలా అదీ తిరుగుతుంది. ఈ ఎలక్ట్రాను ఆ ఖాళీ చుట్టూ తిరుగుతుంది. ఆ రెంటినీ కలిపి ఎక్సిటాన్ అంటారు.

"తను లేచిపోయిన ఖాళీ చుట్టూ తనే తిరుగుతుందా?" అన్నాను. "మా ఆయన అన్నది నిజమే. ఇది కాపురమే."

"ఆకరికి మళ్ళీ ఆ ఖాళీలోనే పడిపోద్దండి. అప్పుడు చిన్న వెలుగొస్తది. అంతేనండి, అయిపోయినట్టే."

"మరి అంత తొందరగా అయిపోయేదాన్ని నువ్వెలా చూస్తావు?"

"రెండు వెలుగులండి. మొదటిది జంటల్ని పుట్టిస్తది. దాని వెనకాలే, లెక్కకందనంత కొంచెం ఆలస్యంగా, రెండోది వెళ్ళి ఎన్ని మిగిలున్నాయో చూసొస్తది."

ఇది నాకు వెంటనే అర్థమైంది. మా పెళ్ళైన కొత్తలో మా అత్తగారు గదిలోకి కాఫీ తెచ్చిచ్చి వెళ్ళేవారు. వెనకాలే కప్పులు తీసుకెళ్తానంటూ వచ్చేవారు.

ఒకరోజు కెజియా తెర చూస్తూ చిన్నగా కేక పెట్టింది. గీత ఎప్పటిలా గబుక్కున జారకుండా, తీరిగ్గా, బద్ధకంగా దిగుతోంది.

"వచ్చేసిందండీ! ఎలక్ట్రాను పై పొరలో ఉండిపోయింది, ఖాళీ కింద పొరలో ఉండిపోయింది. ఇలాగుంటే వెయ్యిరెట్లు ఎక్కువ బతుకుతాయండి! దీనికోసమే ఏడాది బట్టీ చూత్తన్నాను!"

"వేరువేరు అంతస్తుల్లో ఉంటే కాపురం నిలుస్తుందంటావు."

"అలాగే అనుకోండి" అంది నవ్వుతూ.

నేను అలాగే అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే పోయేది. ఆ వారం కమిటీ ముందు సలహాదారుగా నా నివేదన ఉంది. లేచి నిలబడి, ఒక్క అబద్ధం కూడా లేకుండా, "జంటలో ఒకరు పై అంతస్తులో, ఒకరు కింది అంతస్తులో ఉన్నప్పుడు బంధం వెయ్యిరెట్లు నిలకడగా ఉన్నట్టు కళ్ళారా గమనించాను" అని చెప్పి కూర్చున్నాను.

"నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే" అన్నారు మాణిక్యాంబ గారు. ఆవిడ భర్త పదిహేనేళ్ళుగా ఖరగ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్నారు.

ఉపకులపతి గారు బల్ల చరిచారు. "చేపల్లో అంతే! బొచ్చె పైన తింటుంది, ఎర్రమోసు అడుగున తింటుంది. అందుకే ఒకే చెరువులో జన్మంతా పేచీ లేకుండా బతుకుతాయి. ఇది మన సిబ్బందికి ఎందుకు వర్తింపజెయ్యకూడదు?"

'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా' అంటూ అంతస్తుల విధానం వచ్చింది. క్వార్టర్సులో భార్యలు పైన, భర్తలు కింద. ప్రయోగాత్మకంగానే, కానీ తప్పనిసరిగా. కింద పోర్షన్ల ఆడవాళ్ళు గిన్నెలతో పైకెక్కారు, పైపోర్షన్ల మగవాళ్ళు పరుపులతో కిందికి దిగారు. కులసచివులు ఆదర్శంగా ఉండాలి కాబట్టి మా ఆయన అందరికంటే ముందు దిగారు. కింద ఆయనకి వృక్షశాస్త్రం ఆచార్యులతో గది పంచుకోవలసి వచ్చింది. ఆ ఆచార్యుల గుర్రు వ్యాకరణానికి లొంగదు.

మొదటి రోజుల్లో కింద నుంచి కేకలు వినబడేవి. "ఇంగువ ఎక్కడుంది?" "కుక్కరు ఎన్ని కూతలు?" నేను తాడుకి బుట్ట కట్టి పప్పు దించేదాన్ని. మా ఆయన తిని, ఖాళీ గిన్నెలో చీటీ పెట్టి పంపేవారు. 'పప్పు బాగున్నది.' పక్కనే కలిసి కూర్చుని తిన్నన్నాళ్ళూ ఆ మాట ఎప్పుడూ అనలేదు. వీధి మొత్తం మీద పోట్లాటలు తగ్గాయి. అరవాలంటే మెట్లెక్కాలి, ఎక్కేసరికి సగం కోపం ఆయాసంలోకి మారిపోతుంది.

విధానం విజయవంతమైందని పై అధికారులకి రాశారు. పై నుంచి ఒక బృందం చూడ్డానికి వస్తామంది. అంతా ఆ చీకటి గది జంటల పుణ్యం కాబట్టి, అందులో అందరికంటే ఎక్కువసేపు నిలిచిన జంటకి బృందం ఎదుట నూతన వస్త్రాలతో సన్మానం చెయ్యాలని ఉపకులపతి గారు నిశ్చయించారు. ధర్మవరం పట్టుచీర, సరిగంచు పంచె తెప్పించారు. 'ఆదర్శ జంట విధిగా హాజరు కావలెను' అని చీకటి గది తలుపు మీద ప్రకటన అంటించారు.

సభ జరిగింది. బృందం వచ్చింది. నాదస్వరం వాయించారు. మైకులో ముమ్మారు పిలిచారు. ఉపకులపతి గారు చీరా పంచే చేతుల మీద పెట్టుకుని, వేదిక మధ్యన, బొమ్మలా నిలబడిపోయారు. ఎవరూ రాలేదు.

అంత అవమానం ఆయనకి ఏ చెరువులోనూ జరగలేదు. సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. విశ్వవిద్యాలయ ఆహ్వానమును ధిక్కరించిన సదరు జంటలను బహిష్కరించడమైనది. వారు మరల ఏర్పడకుండుటకై చీకటి గదికి విద్యుత్తు తొలగించి, సీలు వేయవలెను.

కెజియా మా పై అంతస్తుకి ఏడుస్తూ వస్తుందనుకున్నాను. ఏడవలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"కరెంటు తీస్తే మోటారు ఆగిపోద్దండి."

"తెలుసమ్మా."

"మీరు ఆ అంతస్తుల మాట చెప్పుండాల్సింది కాదండి. మీకది నవ్వులాటండి. నా పొర పోతే నేను పోయినట్టేనండి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు, వెళ్ళిపోయింది. నేను వెంటనే మెట్లు దిగి కింద మా ఆయన గదికి వెళ్ళాను. ఆడవాళ్ళు కిందికి రావడం నిషేధమని ఆయన గుర్తుచేశారు. నేను మంచం మీద కూర్చున్నాను.

"ఏవండీ. అవి మనుషులు కాదు. మీకు తెలుసు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "ఇప్పుడు తెలిసి ఏం లాభం? ఒక కేంద్రం, ఒక విధానం, ఇన్ని కాపురాలు, పైనుంచి వచ్చిన బృందం, అన్నీ ఆ 'నారు' మీద నిలబడి ఉన్నాయి. అది లాగితే మొత్తం కూలుతుంది."

"లాగకపోతే ఆ పిల్ల చదువు కూలుతుంది."

ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. నేనే అడిగాను. "బహిష్కరణ ఉత్తర్వు ఎవరి చేతికివ్వాలి?"

"సంబంధిత వ్యక్తుల చేతికే. స్వయంగా అందజేసి, అందజేశానని కులసచివుడు సంతకం చెయ్యాలి. అది అయ్యాకే ఏ చర్యైనా." నియమం మాట వచ్చేసరికి గొంతులో కాస్త బలం వచ్చింది.

"అయితే రేపు మీరే వెళ్ళి ఇవ్వాలి."

"ఇస్తాను. నియమం నియమమే."

మర్నాడు పొద్దున్న అందరం ఆ గదిలో చేరాం. ఉపకులపతి గారు, మాణిక్యాంబ గారు, ఉత్తర్వు పట్టుకుని మా ఆయన, సలహాదారు హోదాలో నేను. ఎలక్ట్రీషియన్ బయట వరండాలో సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు. జంటలు ఏర్పడాలంటే చీకటి కావాలి కాబట్టి తలుపు వేసి దీపాలు ఆర్పారు. మూలన మోటారు ఆడుతోంది. కెజియా ఒక చెయ్యి స్టీలు డబ్బా మీద వేసి, రెండో చేత్తో లేజరు వేసింది. తెర మీద గీత కొండలా లేచి జారింది.

"వచ్చారా?" అని గుసగుసగా అడిగారు ఉపకులపతి గారు.

"వచ్చి వెళ్ళిపోయాయండి."

మా ఆయన అలవాటు కొద్దీ నోరు తెరిచారు. దిద్దుతారనుకున్నాను. ఏమీ అనకుండా మూసుకున్నారు.

"చదవండి, చదవండి" అన్నారు ఉపకులపతి గారు.

"ఇందుమూలముగా మీకు…"

"మీరు 'ఇం' అనే లోపే వెళ్ళిపోయాయండి" అంది కెజియా. "ఇప్పుడు మళ్ళీ వచ్చాయి. వెళ్ళిపోయాయి. సెకనుకి కోట్లసార్లు వత్తా పోతా ఉంటాయండి."

"కాస్త త్వరగా చదవండి, కులసచివులు గారూ!"

మా ఆయన సంధులన్నీ కలిపి ఒక్క ఊపులో చదివారు. అంత వేగంగా ఆయన సంధ్యావందనం కూడా చెయ్యరు. మాణిక్యాంబ గారు తలుపుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డారు. "ఎటు నుంచి పోతారో నేనూ చూస్తాను!"

కాసేపు అంతా చీకట్లో వగర్చారు.

"సరేలెండి" అన్నారు చివరికి ఉపకులపతి గారు. "చదివాం, వాళ్ళు విన్నారు. అందజేసినట్టు సంతకం పెట్టెయ్యండి. కుర్రాడు బయట నిలబడున్నాడు."

నేను ఫోన్లో దీపం వేసి కాగితం మీద పట్టాను. 'సదరు జంటలకు స్వహస్తములతో అందజేసితిని' అని ఉంది. రాసింది ఆయనే. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. పెన్ను ఆ ఖాళీ మీద నిలబడిపోయింది.

మా ఆయన తప్పు ఒప్పుకోరు. కానీ అబద్ధం కింద సంతకం పెట్టడం కూడా నేను చూడలేదు. మా పెళ్ళి ఫోటో వెనక 'నవ్వుతున్న వధువు' అని రాయమని మా నాన్నగారంటే, ఆ క్షణంలో నేను తుమ్మబోతున్నానని చెప్పి రాయలేదు.

"ఎవరికి అందజేశాను?" అన్నారు ఆయన.

"జంటలకి" అన్నారు ఉపకులపతి గారు.

"చేతులుంటాయా అమ్మా వాళ్ళకి?"

"ఉండవండి" అంది కెజియా.

"అందులో ఒకటి రంధ్రమని, అంటే ఖాళీయేనని, రాశావు కదూ. నేను కొట్టేశాను."

"ఆయ్. ఖాళీయేనండి."

"ఖాళీ చేతికి కాగితం ఎలా ఇస్తాను?" అని ఎవరినీ ఉద్దేశించకుండా అడిగారు. పెన్నుకి మూత పెట్టారు. కాగితం మడిచారు. మోటారు ఆడుతూనే ఉంది.

"నువ్వు మొదట ఏమని రాశావమ్మా?"

"'ఏర్పడుతున్నాయి' అని రాశానండి."

ఆయన నోట్లో నోట్లో ఏదో అన్నారు. పక్కనే దీపం పట్టుకుని ఉన్న నాకే సరిగ్గా వినబడలేదు.

"ఏమిటీ?" అన్నారు ఉపకులపతి గారు చీకట్లోంచి. "ఈ మోటారు గోలలో ఒక్క ముక్కా వినబడి చావట్లేదు. కాస్త గట్టిగా చెప్పండి!"

మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఆ అమ్మాయి రాసిందే ఒప్పండీ!" అన్నారు, తలుపవతల కుర్రాడికి కూడా వినబడేలా. "నేను దిద్దింది తప్పు!"